తామరపువ్వు నాణేనికి డెబ్భైకి ఎన్ని

అక్షరాలు నాకు నలభై ఎనిమిదో ఏట వచ్చాయి. అంతకుముందు నాకు తెలిసిన గుర్తు ఒక్కటే, జీడిపప్పు డబ్బాల మీద ఉండే డబ్ల్యూ. అది అక్షరమని తెలియదు. తలకిందులుగా పెట్టిన రెండు గుడిసెల్లా కనిపించేది. గుడిసెలున్న డబ్బాలోకి గుండు పప్పు పోవాలి. లేని డబ్బాల్లోకి బద్దలు, ముక్కలు.

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగ్ బల్ల దగ్గర ఇరవై రెండేళ్లు కూర్చున్నాను. పక్కనే కిటికీ. ఆ వెలుగులో బల్ల మీద పప్పు పోస్తే చిన్న చిన్న నెలవంకలు కుప్ప పోసినట్టుండేది. అన్నం తిన్నాక మధ్యాహ్నం కళ్లు బరువెక్కేవి గాని వేళ్లు ఆగేవి కావు. నేను ఎక్కడో సముద్రం ఒడ్డున, తడి ఇసకలో నడుస్తూ ఉండేదాన్ని. వేళ్లు మాత్రం పలాసలో ఉండేవి.

పొట్టు తీసేటప్పుడు కత్తి తగిలితే పప్పు మీద గాటు పడుతుంది. రుచిలో తేడా ఉండదు. అయినా అది గుడిసెల డబ్బాలోకి వెళ్లదు. గాటు చూసి అది ఎవరి కత్తో కూడా చెప్పేదాన్ని. ఒకామె గాటు పొడుగ్గా ఉండేది, ఇంకొకామెది గోరుతో గిల్లినట్టుండేది.

మా ఆయన పలాస నుంచి ఇచ్ఛాపురం వెళ్లే బస్సులో కండక్టరు. ఆయన సంచిలోంచి ఎన్ని నాణేలు వచ్చిపోయాయో లెక్క లేదు. దాచుకున్నవి మాత్రం ఒక వక్కపొడి డబ్బాడు. వాటిలో ఒక్కదాని మీదే ఆయనకు ప్రాణం. ఇత్తడి ఇరవై పైసలు, ఒక పక్క తామరపువ్వు. జలంత్రకోట దగ్గర బస్సెక్కిన ఒక ముసలమ్మ పసుపు గుడ్డ మూట విప్పి ఇచ్చిందట. ఏళ్ల తరబడి దేవుడి దగ్గర ఉన్నదేమో, ఒక్క గీత లేదు. తన జేబులోంచి ఇరవై పైసలు సంచిలో వేసి, దాన్ని పైజేబులో పెట్టుకున్నాడు. ఆ రకం నాణేల్లో బంగారం కలిసిందని అప్పట్లో ఊరంతా అనుకునేవారు. ఈయన బంగారం కోసం దాచలేదు. పువ్వు రేకులు లెక్కపెట్టుకోవడానికి దాచాడు.

రిటైరయ్యాక కళ్లకు పొర కమ్మింది. చలికాలం పోయాక ఆపరేషను అన్నారు. ఆ రోజుల్లోనే నాణెం గ్రేడింగుకి పంపుతానన్నాడు. పెద్ద ఊళ్లో నిపుణులు భూతద్దం పెట్టి చూసి, డెబ్భైకి ఇన్ని అని మార్కులు వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి పంపుతారట. దానికయ్యే డబ్బు నా మూడు రోజుల కూలీ.

"ఇరవై పైసలకేటి, అంత డబ్బు పెట్టడమేటి మావా? దాంతో సంతలో ఏటొత్తాది?"

"ఏటీ రాదు."

"మరి?"

"ఒలే, కళ్లు బాగున్నప్పుడు నాను సూసి బాగున్నాదనుకున్నాను. ఇప్పుడు నాకు కనపడ్డం నేదు. అది నిజంగా బాగున్నాదో, నా పిచ్చో. కళ్లున్నోడెవులైనా సెప్పాల. మన ఊరూ నన్నూ ఎరగనోడు, ఆడు సెప్పాల." నా వేళ్లు తడిమి అన్నాడు, "ఇన్నేళ్లూ నువ్వు సేసిన పనదే కదే. ఎక్కడోడో నీ మొకం సూడకుండా పప్పు కొనేత్తన్నాడు. డబ్బా మీద రాతని నమ్మే కదా?"

నా పని గురించి ఆయన అంత ఆలోచించాడని అప్పటిదాకా నాకు తెలియదు. ఇలాంటి నాణేలు లక్షల్లో కొట్టి ఉంటారు, చేతులు మారి అరిగినవే అన్నీ. అరగనిది ఒకటి మిగిలిందని ఎవరో రాసిచ్చే కాగితం కోసం ఆయన ఆశ.

బల్ల దగ్గర ఈ సంగతి చెబితే పక్కామె పప్పు ఏరుతూనే అంది, "నీ మొగుడు ఇరవై పైసలకి మూడ్రోజుల కూలీ పెడతన్నాడా! పెళ్లిలో నీకెట్టిన సీరకి అంతయ్యిందేటే?"

అందరం నవ్వాం. ఆ నవ్వుతోనే ఇంటికి వచ్చాను. అది మార్గశిరం, బుధవారం. మర్నాడు లక్ష్మివారం. ముగ్గు వేసుకుని లక్ష్మీదేవికి పూజ చేసుకునే రోజు కాబట్టి ముందురోజే ఇత్తడి సామాను తోముతాం. చింతపండు నానబెట్టి కుందులు, గంట, చెంబు ముందేసుకున్నాను. పార్సిలు కట్టడానికి తీసిపెట్టిన నాణెం గట్టు మీద ఉంది. గోధుమరంగు తిరిగి, పాత తేనెలా ఉంది. పరాయివాళ్లు చూడబోతున్నారు, ఈ మొహంతో ఎలా పంపుతాం అనిపించింది. కుందులతో పాటే దాన్నీ తోమాను. చింతపండు రసంలోంచి తామరపువ్వు అప్పుడే విచ్చుకున్నట్టు పైకి వచ్చింది. చీర చెంగుతో తుడుస్తుంటే ఎంత హాయిగా ఉందో. ఆయనకు చెప్పలేదు. మార్కులు వచ్చాక చెబుదామనుకున్నాను.

ఆయన తడుముకుంటూ కాగితంలో చుట్టి, పోస్టాఫీసుకు వెళ్లి పంపించాడు.

పార్సిలు వచ్చేసరికి రెండు నెలలయింది. ఆయన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. తెలుగు నేను రాత్రిబడిలో నేర్చుకున్నాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు ఈయనే బస్సు బోర్డులు చూపించి నేర్పాడు. అక్షరాలు వచ్చుగాని మాటలు రావు.

"ముందు అంకె సదువు," అన్నాడు.

పెట్టె తిప్పి చూశాను. "ఇరవై ఉన్నాది."

"అది పైసలే. మార్కులు సూడు. అరవై దాటినాయా?"

"మార్కుల్లాటి అంకె నేదు మావా. అక్షరాలున్నాయి."

"ఏటున్నాయో సెప్పు."

వేలు పెట్టి ఒక్కొక్కటే చదివాను. "సి. ఎల్. ఇ. ఎ." ఆయన మొహం ముందుకు వంగింది. "ఎన్. ఇ. డి."

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. పెరట్లో కొబ్బరి మట్ట ఒకటి గాలికి గోడను రాసుకుంటూ ఉంది.

"ఏటి మావా? మంచి మాటేనా?"

"కడిగినారట. కడిగిన నాణేనికి మార్కులెయ్యరు." నా వైపు తిరిగాడు. "ఎవులే కడిగింది?"

నా చేతిలో పెట్టె బరువెక్కింది. పప్పు మీద గాటు పడితే ఏమవుతుందో ఇరవై రెండేళ్లు చూసినదాన్ని. నాణేనికీ పొట్టు లాంటిది ఉంటుందని, ఆ పాత తేనెరంగే దాని వయసని తోచలేదు.

"నానే. సింతపండెట్టి. కుందుల్తో పాటు."

ఆయన పెట్టె అందుకుని ప్లాస్టిక్ మీద బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాడు. లోపలి పువ్వు ఆ వేలికి అందదు. నేను ఏడుస్తున్నానని గొంతులో తెలిసి ఉంటుంది.

"మరి ఆడు గట్టోడేనే. ఎక్కడో కూకుని నీ సెయ్యి సూసేసినాడు."

అప్పుడు నాకు ఆ నిపుణుడు మా బల్ల దగ్గరే, కిటికీ పక్కన కూర్చున్నట్టు కనిపించాడు. నేను గాటు చూసి కత్తిని గుర్తుపట్టినట్టే అతను మెరుపు చూసి చింతపండును గుర్తుపట్టాడు. అంత కచ్చితమైన మనిషి మీద నాకు కోపం రాలేదు. నా పుస్తకం తెచ్చి ఆ ఏడు అక్షరాలూ అదే వరసలో రాసుకున్నాను. నాకు అర్థం తెలిసిన మొదటి ఇంగ్లీషు మాట అది.

వేసవిలో ఆయనకు ఆపరేషను అయింది. కట్టు విప్పిన మర్నాడు పెట్టె అడిగాడు. ఎండలోకి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు. పెదవులు కదులుతున్నాయి, రేకులు లెక్కపెడుతున్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.

"తప్పే సేసినావు," అన్నాడు కన్ను తిప్పకుండా. పెట్టె ఇంకోసారి తిప్పి, "గానీ ఇంత మెరుస్తాదని నాకు తెల్దే. ఇలాగొచ్చి సూడు."

వెళ్లి చూశాను.