పొయ్యి ఎక్కడ వెలిగించారండీ?

ఆ అమ్మాయిని చూస్తే నాకు ఒళ్ళు మండేది. దాచుకోవడమెందుకు, అది పచ్చి కుళ్ళు. రెండు వేల దశకం మధ్యలో ఏలూరులో ఒక పరిశోధన ప్రాజెక్టులో మేమిద్దరం పనిచేసేవాళ్ళం. కొల్లేరు ఊళ్ళు వరదని ఎలా తట్టుకుని నిలబడుతున్నాయన్నది మా విషయం. నాది మండవల్లి దగ్గర లంక ఊరు, వరదల్లోనే పెరిగాను. ఆమెది తాడేపల్లిగూడెం, పడవ ఎక్కాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. మా గైడుగారు ముందే చెప్పేశారు, వచ్చే ఏడాదికి ఫెలోషిప్పు ఒక్కరికేనని. అది రాకపోతే నా పీహెచ్‌డీ అక్కడితో సరి.

నేను ఎండనక వాననక ఊరూరా తిరిగి ఫారాలు నింపుకొచ్చేదాన్ని. ఆమె ఫ్యాను కింద కూర్చుని సిద్ధాంతాలు చదివేది. "ముందు థియరీ తేలాలండీ, ఏం అడగాలో అదే చెబుతుంది" అనేది. అబ్బో, బయల్దేరింది పెద్ద పండితురాలు! నా దృష్టిలో థియరీ పెళ్ళిపందిట్లో అరటిబోదె లాంటిది, ఉండాలి కాబట్టి ఉంటుంది. గైడుగారు మాత్రం ఆమె రాసిన నాలుగు పేజీలు చదివి "బావుందమ్మా" అనేవారు. నా ఫారాల కట్ట చూసి "అక్కడ పెట్టమ్మా" అనేవారు. పెరటిచెట్టు మందుకి పనికిరాదని ఊరికే అన్నారా!

నా ఫారాల్లో తేలిందొకటే. "వరదలో మీకు సాయం చేసిందెవరు?" అన్న ప్రశ్నకి అందరిదీ ఒకే జవాబు, ఎవరూ లేరండీ అని. కొల్లేరులో ఎవరి పాట్లు వాళ్ళవేనని నా రిపోర్టులో రాసేశాను.

ఒకరోజు ఆమె మా ఊరు చూస్తానంది. గట్టు మీద బురదలో జారిపడుతుంది, కళ్ళారా చూడొచ్చని సంబరంగా తీసుకెళ్ళాను. పడలేదు. మా పక్కింటి అత్తయ్య వాకిట్లో చేపలు తోముతోంది. ఈమె వెళ్ళి పక్కనే గొంతుక్కూర్చుంది.

"ఏవండీ అత్తయ్యగారూ, ఇంట్లోకి నీళ్ళొచ్చిన రోజుల్లో పొయ్యి ఎక్కడ వెలిగించారండీ?"

"ఎక్కడేంటమ్మా, మెరక మీద వాళ్ళింట్లోనే. మా అత్తగారి కాలం నుంచీ మాకు ఆ ఇల్లే. పల్లంలో ఉన్న ప్రతి ఇంటికీ మెరక మీద ఒక ఇల్లుంటుంది కదా."

"మరి ఎవరూ సాయం చెయ్యలేదన్నారటండీ?"

అత్తయ్య చేతిలో చేప పక్కన పెట్టింది. "అది సాయమేంటమ్మా? దాళ్వా కోతలకి వాళ్ళ చేలో ముందు దిగేది మేమే. వాళ్ళింట్లో పెళ్ళయితే వంటకి నీళ్ళు మోసేది మేమే. సాయం చేశారంటే మమ్మల్ని ముష్టివాళ్ళ కింద జమకట్టినట్టు కాదూ? ఆ మాట వింటే వాళ్ళే నొచ్చుకుంటారు."

దీని దుంపతెగ! ఏడాది పొడుగునా నేను తిరిగిన ఊళ్ళో, ఒక్క పూటలో పట్టేసింది. తిరుగు బస్సులో ఎలా తెలిసిందని అడిగాను. "తరతరాల ఇచ్చిపుచ్చుకోవడాల్ని జనం సాయమనుకోరని చదివానండీ. అందుకే ఆ మాట ఎత్తకుండా పొయ్యి గురించి అడిగాను" అంది. ఆ పుస్తకం మా ఇద్దరి బల్ల మీదే ఉండేది. నేను దాని మీద టీ గ్లాసు పెట్టుకునేదాన్ని.

మర్నాడు గైడుగారి దగ్గర ఆమె అంతా చెప్పి, "ఈవిడ తీసుకెళ్ళకపోతే నాకు తెలిసేదే కాదండీ" అని నన్ను ముందుకి తోసింది. ఆ మంచితనానికి నా కడుపు ఇంకా మండింది. తిట్టినా బాగుండేది.

గైడుగారు నా కట్ట విప్పి, మా ఊరి ఫారాలు తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగారు.

"ఇది మీ ఇల్లే కదమ్మా?"

"అవునండీ."

"మీ అమ్మగారు ఏమన్నారు?"

అమ్మని నేను అడగనే లేదు. మా ఇంటి సంగతి నాకు తెలియనిదా అని నేనే నింపేశాను. మాదీ పల్లంలో ఇల్లే. చిన్నప్పుడు నీళ్ళొచ్చిన ప్రతిసారీ మెరక మీద వాళ్ళింట్లో, వాళ్ళ పిల్లల పక్కన, వాళ్ళ పొయ్యి మీద వండిన అన్నమే తిన్నాను.

ఆయన నాకేసి చూసి ఫారం ఇటు తిప్పారు. సాయం అన్న చోట "లేదు" అని ఉంది. గుండ్రంగా, నా చేతిరాతే.