ఇంకా గాలుంది

సైకిల్ ఎవరిదైనా సరే, ధర్మరాజు బాబాయి ముందు దాని బ్రేకు పిడి పట్టుకుని మూడుసార్లు నొక్కేవాడు. మూడోసారి వంగి చెవి ఆనించేవాడు. తర్వాత తల అడ్డంగా ఊపి ఒకే మాట అనేవాడు.

“ఇంకా గాలుంది.”

అరవై ఏళ్ళలో ఆయన ఏ పనీ పూర్తయిందని ఒప్పుకోలేదు. అన్నం ఉడికిందా అని కోటేశ్వరి పిన్ని అడిగితే మెతుకు నొక్కి చూసి అదే మాట. రేడియోలో ఎవరు ఉపన్యాసమిచ్చినా అదే మాట. ఉపన్యాసాల విషయంలో మాత్రం వీధంతా ఆయనతో ఏకీభవించేది.

యాంగోన్‌లో, అంటే పాత రంగూన్‌లో, మా వీధి నదికి దగ్గర. సేక్కాన్ రేవులో మూటలు మోయడానికి వచ్చినవాళ్ళ మనవలం మేము. బాబాయి దుకాణం మా మేడ మెట్ల కింద. దాని ముందు రోజూ ఒక తగాదా. మనుషులను పక్కన కూర్చోబెట్టుకుని తొక్కే సైకా బండి రాంబాబుది. ఆ బండి మూడు వారాలుగా బాబాయి దగ్గరే ఉంది.

“నా బండి ఎప్పుడిస్తావు దర్మన్నా?”

“దాన్లో గాలుందిరా.”

“అది ఇనపకమ్మీ బ్రేకు! కమ్మీలో గాలేటి?”

“నువ్వు లోపల సూసినావేటి?”

“సూల్లేదు.”

“మరి నోర్మూసుకో.”

2021లో సైన్యం అధికారం లాక్కుంది. నిరసనగా బడి మానేసిన టీచర్లలో నేనూ ఒకదాన్ని. ఇంట్లో నేనూ తమ్ముడు సుభాషూ ఉండేవాళ్ళం. మార్చిలో వాడు సైన్యంతో పోరాడేవాళ్ళలో కలవడానికి సరిహద్దు వైపు వెళ్ళిపోయాడు. పోతూ ఒకటే చెప్పాడు.

“అక్కా, సైకిల్ ముందు బ్రేకు మెత్తబడిపోనాది. నేనొచ్చేలోగా బాబాయికి సూపించు.”

ఆ తర్వాత ఫోన్ లేదు.

సైకిల్ గోడకు ఆనించి ఉంది. దానికి సీటు లేదు. కూర్చోవడానికి చేసింది కాదది. రాళ్ళ మీదికి, గోడల మీదికి ఎగరడానికి చేసిన ట్రయల్స్ సైకిల్. రేపు చూపిద్దామనుకున్నాను. వానలొచ్చాయి. కరోనా జ్వరాలొచ్చాయి. అందరం తలుపులు మూసుకున్నాం.

మా మేడల్లో ప్రతి బాల్కనీ నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. తాడుకు బుట్ట, పైన గంట. కూరలవాడు తాడు లాగితే గంట మోగుతుంది. బుట్ట దించితే కూరలు పైకొస్తాయి. ఆ జూలైలో నా బుట్ట నాలుగు రోజులు దిగలేదు. ఆ సంగతి నేనే గమనించలేదు.

ఐదో రోజు గంట మోగింది. ఎంతకీ ఆగలేదు. బాల్కనీలోకి వచ్చి కిందికి చూశాను.

“ఏటి బాబాయీ?”

“సయామా, నీ తమ్ముడి సైకిలు దించు.”

సయామా అంటే ఇక్కడ టీచరమ్మ. బడి మానేశాక నన్ను అలా పిలిచేవాడు ఆయనొక్కడే.

“ఇప్పుడా?”

“మరి వాడొచ్చినాక దించుతావేటి?”

మెట్ల మీదుగా దించాను. ఆయన మూడుసార్లు నొక్కాడు. పిడి మెత్తగా వెళ్ళి హ్యాండిల్‌ను తాకింది. చెవి ఆనించాడు. ముఖం వెలిగిపోయింది. ఈ బ్రేకులో తీగ ఉండదు, కమ్మీ ఉండదు. సన్నటి గొట్టంలో నూనె ఉంటుంది. పిడి నొక్కితే నూనె తోసుకెళ్ళి, చక్రం అంచుకు అటూ ఇటూ ఉన్న రబ్బర్లను బిగిస్తుంది. గొట్టంలో గాలి చేరితే అది నలిగిపోతుంది, రబ్బర్లు బిగవవు.

“ఇంకా గాలుంది,” అన్నాడు.

జీవితంలో మొదటిసారి, బ్రేకు విషయంలో ఆయన మాట నిజమైంది.

అయినా తొందరపడలేదు. రబ్బర్లు అరిగాయేమో చూశాడు. అరగలేదు. నొక్కినప్పుడు ఫ్రేము విచ్చుకుంటోందేమో చూశాడు. లేదు. గొట్టం అతుకుల చుట్టూ పల్చటి కాగితం కట్టి మర్నాటిదాకా ఉంచాడు. కాగితం తడవలేదు. ఎక్కడా కారడం లేదు.

కొత్త నూనె పొరుగుదేశం నుంచి రావాలి. దారులు మూసేశారు.

“నీళ్ళు పోద్దాం. ఆ ఎగిరే కుర్రోళ్ళు నీళ్ళే పోస్తారు. మరగబెట్టి, సల్లార్చి పట్రా.”

మర్నాటి నుంచి పని మొదలైంది. పెద్ద బేసినులో నీళ్ళు. అందులో హ్యాండిల్ నుంచి విప్పిన బ్రేకు పిడి. పిడి దగ్గరి స్క్రూ తీసి, నీళ్ళ అడుగున నేను పిడి నొక్కాలి. ఆయన చక్రం దగ్గరి కొస నుంచి సిరంజితో నీళ్ళు తోస్తూ గొట్టం మీద గోటితో కొట్టాలి. బుడగలు పైకి వస్తాయి. మూతులకు మాస్కులు. మా ఇద్దరి మధ్య దూరం ఒక గొట్టమంత.

రాంబాబు వచ్చి చూశాడు.

“పురిటిస్నానమా దర్మన్నా?”

“అవున్రా. దిష్టి తగులుద్ది, అవతలికెళ్ళు.”

ఆ నెలలో ఊరంతా సిలిండర్లు పట్టుకుని గాలి కోసం వరసల్లో నిలబడింది. మేమిద్దరం కూర్చుని గాలి తీస్తున్నాం.

సాయంత్రానికి పిడి రాయిలా గట్టిపడేది. తెల్లారేసరికి మళ్ళీ మెత్తన. ఆయన చెవి ఆనించేవాడు. తల ఊపేవాడు. నేను మళ్ళీ నీళ్ళు మరగబెట్టేదాన్ని.

పని చేస్తూ ప్రశ్నలేసేవాడు.

“నిన్న ఏటి వండినావు?”

“వండలేదు.”

“గాలి తిన్నావా? అందికే వేళ్ళకి బలం లేదు. రేపు వండి, ఏటొండినావో సెప్పు.”

చెప్పడానికని వండడం మొదలుపెట్టాను. చారు బాగా కుదిరిందన్నాను ఒకరోజు. ఆయన సిరంజి తోయడం మరిచిపోయాడు. పిన్ని వంతెన అవతల తన్లిన్‌లో కూతురింట్లో చిక్కుకుపోయి అప్పటికి నెలన్నర.

పదకొండు రోజులు గడిచాయి. నేను లెక్కలు చెప్పిన టీచర్ని. నాకొక సందేహం వచ్చింది.

“బాబాయీ, అతుకులు కారడం లేదు కదా. నీళ్ళు బయటికి రాకుండా గాలి లోపలికెలా వెళ్తుంది?”

“గాలికి ఒకరు దారి సూపించాలేటి?”

పన్నెండో రోజు వానకు నీళ్ళు తొందరగా చల్లారాయి. పెందలాడే దిగాను. చివరి మలుపులో ఆగిపోయాను.

బాబాయి పిడి నొక్కాడు. అది సగంలోనే గట్టిగా ఆగింది. మళ్ళీ నొక్కాడు. మూడోసారి చెవి ఆనించాడు. ఎప్పటి మాట మాత్రం అనలేదు. స్క్రూ తీశాడు. పిడిని ఒకసారి నొక్కి వదిలాడు. అది గాలి పీల్చుకుంది. మళ్ళీ నొక్కి వదిలాడు. చాలా సార్లు. తర్వాత స్క్రూ బిగించి, చేతులు లుంగీకి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

నేను అడుగు చప్పుడు కాకుండా రెండంతస్తులు ఎక్కాను. మామూలు వేళ దాకా మెట్ల మీదే కూర్చున్నాను. తర్వాత గట్టిగా చెప్పుల చప్పుడు చేస్తూ దిగాను.

ఆయన మూడుసార్లు నొక్కాడు. చెవి ఆనించాడు.

“ఇంకా గాలుంది,” అన్నాడు. ముఖం సన్యాసి ముఖంలా ఉంది.

“అయ్యో,” అన్నాను.

సాయంత్రం దాకా బుడగలు తీశాం. లేస్తూ అన్నాను.

“బాబాయీ, రేపు గాలి కాస్త తక్కువ పెట్టు. వేళ్ళు నొప్పెడుతున్నాయి.”

ఆయన నా వైపు చూడలేదు. సిరంజి కడిగాడు. కడిగినదాన్నే మళ్ళీ కడిగాడు. తలుపు దించి, గొడుగు లోపలే మరిచిపోయి, వానలో నడిచి వెళ్ళిపోయాడు.

అనకుండా ఉండాల్సింది. రేపు సైకిల్ నా చేతిలో పెట్టేస్తాడు. అది బాగుపడాలని తమ్ముడు అడిగాడు. నేనూ అదే కోరుకోవాలి. కోరుకోలేకపోయాను. అయినా నీళ్ళు మరగబెట్టి మూతపెట్టాను.

మర్నాడు పొద్దున దిగేసరికి బేసిను సిద్ధంగా ఉంది. బాబాయి నేను కూర్చునేదాకా ఆగాడు. నా ఎదురుగానే స్క్రూ తీశాడు. పిడిని నీళ్ళ పైకెత్తి ఒక్కసారి నొక్కి వదిలాడు. స్క్రూ బిగించాడు.

“ఒక్కటే పెట్టినాను,” అన్నాడు. “రా సయామా, నొక్కు.”