మందు మగోళ్లే మింగుతారేటి?

మా మేడం పోయారన్న కబురు వచ్చేసరికి నేను కాలేజీలో ఎలుకల గదిలో ఉన్నాను. నరసన్నపేట నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసింది. "అక్క ఎల్పోనాదమ్మా. నిన్న కూడా నీ ఎలకల గురించే అడిగినాది" అని ఏడ్చింది. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. పని సగంలో వదిలి వెళ్లడం ఆవిడకు అలవాటు లేదు.

మేడం నా పరిశోధనకు గైడు. ఒక నొప్పి మందును ఎలుకల మీద పరీక్షిస్తున్నాం. ఇలాంటి వాటికి చాలామంది మగ ఎలుకలనే తీసుకుంటారు. ఆడవి నాలుగైదు రోజులకోసారి ఎదకొస్తాయి, ఫలితాలు గజిబిజి అవుతాయని భయం. "మందు మగోళ్లే మింగుతారేటి?" అనేవారు మేడం. క్లాసులో పుస్తకంలా మాట్లాడే మనిషి, కోపమొస్తే నరసన్నపేట మాటలోకి దిగిపోయేవారు.

ఎలుక ఎద ఏ దశలో ఉందో కనిపెట్టడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. రోజూ ఒకే వేళకు, ముందు కంటితో చూడాలి: యోని ద్వారం ఉబ్బి తెరుచుకుందా, పాలిపోయి మూసుకుందా. తర్వాత డ్రాపర్‌తో అందులో చుక్క సెలైన్ వేసి, వెనక్కి లాగి, గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టాలి. కణాలకు మేడం వంటింటి పేర్లు పెట్టారు. గుండ్రంగా సగ్గుబియ్యంలా ఉంటే ఎద దగ్గరపడుతోంది. అటుకుల్లా పలచబడితే ఎదలో ఉంది. అటుకుల్లో ఆవాలు కలిస్తే ఎద దాటింది. దాదాపు అన్నీ ఆవాలే అయితే విశ్రాంతి. సెలైన్‌ను మాత్రం ముందు గుప్పిట్లో వెచ్చబెట్టాల్సిందే. "సల్లనీల్లు నీకు తగిలితే ఊరుకుంతావేటి?"

ఒకసారి మా ఎలుకలకు ఎద ఆగిపోయింది. రోజూ ఆవాలే. సమీక్షకు వచ్చిన పెద్దాయన "చూశారా, ఆడవాటిని నమ్మలేం" అని నవ్వాడు. మేడం నవ్వలేదు. అందరి చేతులూ దగ్గరుండి గమనించి, డ్రాపర్ కొన మరీ లోపలికి గుచ్చుతున్నామని పట్టుకున్నారు. అలా గుచ్చితే ఎలుక ఒళ్లు జతకట్టాననుకుని, కడుపు లేకపోయినా కడుపుతో ఉన్నట్టే నడుచుకుంటుంది. "తప్పు ఎలకది కాదు, మా సెయ్యిది. సెయ్యి మార్చుకుంతాం, ఎలకని మార్చం" అన్నారు ఆయన మొహం మీదే. కొన్నాళ్లకు పలక మీద అటుకులు కనిపించాయి. మర్నాడు మేడం అందరికీ పోపు పెట్టిన అటుకులు తెచ్చారు. వాటిలో ఆవాలు చూసి మేం పడీపడీ నవ్వాం.

ఆవిడ పెద్దకర్మ అయ్యాక మా విభాగాధిపతి పిలిచారు. "మేడం ఎలాగూ లేరు. ఇక మగ ఎలుకలతో కానిచ్చేద్దామమ్మా. పట్టా తొందరగా వస్తుంది" అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు, నా మంచికే చెప్పారు.

"కుదరదు సార్."

"ఏడాది వెనకబడిపోతావు."

"పడితే పడతాను. మందు మగోళ్లే మింగుతారేటి సార్?"

మా గజపతినగరం ఇంట్లో తప్ప ఎక్కడా రాని యాస, ఆ గదిలో నా నోట వచ్చింది. సిగ్గుపడలేదు.

మర్నాడు రోజూ వెళ్లే వేళకే ఎలుకల గదికి వెళ్లాను. మేడం కుర్చీ ఖాళీగా ఉంది. అయినా సెలైన్ గొట్టాన్ని గుప్పిట్లో పట్టుకుని, వెచ్చబడేదాకా నిలబడ్డాను. మైక్రోస్కోపులోకి వంగి చూస్తే, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అటుకులే.