చౌడెక్కిన దిబ్బతోట

మా ముత్తాత ఈ ఊరికి మునసబు. మా తాత బతికినంతకాలం పంచాయతీ ప్రెసిడెంటు. నరసాపురం నుంచి ఏ అధికారి వచ్చినా భోజనం మా ఇంట్లోనే. మా నాన్నగారు ఏ పదవీ చెయ్యలేదు. ఆ ఇద్దరి పరువూ నిలబెట్టడమే ఆయన పని. ఆ పనికి పొలాలు ఒకదాని వెంట ఒకటి వెళ్ళిపోయాయి. నాకు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన కొబ్బరి దిబ్బ మాత్రం నా పేరున ఉంది కనక మిగిలింది. మా ఆయన పోయాక దాన్ని నమ్ముకునే ఈ ఊరికి తిరిగి వచ్చాను.

మావాళ్ళు ఆ దిబ్బను రోజూ ఊడ్పించేవారు. కొబ్బరి కింద కంద, చేమ వేసుకోవడం లేనివాళ్ళ పద్ధతి అనీ, పెద్దింటి తోట గుడి మండపంలా ఉండాలనీ మా తాత నియమం. నేనూ అలాగే ఉంచాను. తుఫాను వచ్చి చెట్ల తలలు మెలితిప్పేసిన ఏడాది దిబ్బ మీద రాలిన మట్టలు తప్ప ఇంకేమీ లేవు. అదే వానకు కోతకొచ్చిన వరి నీళ్ళలో మొలకెత్తింది. చర్చి పక్క పేటలో వాళ్ళకు ఆ వరి కోతే కూలి, ఆ కూలే తిండి. రెండుపూటలా పొయ్యి వెలిగిన ఇల్లు ఆ ఏడు పేటలో అరుదు.

తరవాత ఒక సంస్థవాళ్ళు వచ్చి పేద కుటుంబాలకు మొక్కలు పంచారు. పైన కొబ్బరి, మధ్యలో అరటి, మునగ, కింద కంద, చేమ, పసుపు, చుట్టూ అవిశ కంచె. వరి పోయినా ఏదో ఒకటి కూడు పెడుతుందనీ, గాలివానకు ఒకదానికొకటి అడ్డం నిలుస్తాయనీ చెప్పారు. నన్నూ పేరు రాయించుకోమన్నారు. అప్పటికి మా ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనపడుతోంది. అయినా వరసలో నిలబడి చెయ్యి చాపడం మా ఇంట లేదు.

పేటవాళ్ళకు మొక్కలైతే దొరికాయిగాని పాతుకోవడానికి నేల లేదు. ఇంటి చూరు కింద ఎన్నని పాతుతారు? మా దిబ్బలో కాయ దింపించిన రోజున ఏరడానికి వచ్చే మనిషి ఒకామె ఉండేది, నా ఈడుదే. ఆమెను పిలిచి, అందరి మొక్కలూ నా దిబ్బలో వేసుకోమన్నాను. పండింది మీరే తినండి, కొబ్బరికాయ తప్ప నాకేమీ అక్కర్లేదన్నాను.

"పాలు ఎంతండి?" అంది.

"పాలూ లేదు, పంపకమూ లేదు."

"రేపు మా పిల్లలు మునక్కాయ కోస్తంటే కర్రట్టుకుని వత్తారేంటండి?"

"మా తాత మాటిచ్చి ఎన్నడూ తప్పలేదు."

"ఆయ్. తాతగారు మాకెప్పుడు మాటిచ్చారండీ, తప్పడానికి," అంది నవ్వుతూనే.

మొక్కలు నాటుకున్నాయి. ఊడ్చిన నేల మీద చెత్త పరిచారు, అది కుళ్ళి ఎరువైంది. మరుసటి వానాకాలం వరదకు వరి మళ్ళీ పోయింది. ఈసారి పేటవాళ్ళు నా దిబ్బ మీద బతికారు. మునగాకు, అవిశాకు, చేమదుంప, పచ్చి అరటికాయ. పొద్దున్నే ఆడవాళ్ళు బుట్టలతో వచ్చి, ఎవరి వరస వాళ్ళు కోసుకుని వెళ్ళేవారు.

దెబ్బతిన్న కొబ్బరి ఇంకా కాపుకు రాలేదు. నేను గంజిలోకి పచ్చడి నంజుకుని తాగేదాన్ని. దిబ్బ మా ఇంటిని ఆనుకునే ఉంది, వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపితే పేటవాళ్ళు వేసిన కరివేపాకు అందుతుంది. ఒక్క రెబ్బ తుంచలేదు. ఇచ్చేశాక అది నాది కాదు. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

మా పెరటి చెత్తకుప్పలో కూరగాయ తొక్క పడటం లేదని ఆమె ఎప్పుడు గమనించిందో తెలియదు. చర్చిలో కోత పండగ జరిగింది. ఎవరి తొలిపంట వాళ్ళు దేవుడికి పెట్టి వచ్చారు. మర్నాడు ఆమె అరటిగెల ఒకటి భుజాన పెట్టుకుని వచ్చి మా అరుగు మీద దించింది. ఇదేమిటని అడిగాను.

"మొదటి గెల దేవుడిదండి. రెండోది నేల గలాళ్ళది. మా పద్ధతి అదండి. మీ పద్ధతి మేం కాదన్నామా?"

దానంగా తెస్తే తిప్పి పంపేదాన్ని. హక్కు కనక తీసుకున్నాను. అప్పటినుంచి ప్రతి పంటలోనూ రెండోది మా అరుగు మీదికి వచ్చింది. అలాంటి పద్ధతి పేటలో మరొకరికి ఉన్నట్టు నేను వినలేదు. అడగనూ లేదు.

దిబ్బ వెనక పొలాలు ఒక్కొక్కటీ ఉప్పునీటి రొయ్యల చెరువులయ్యాయి. అవతల సముద్రం కూడా ఏటేటా మురుగుకాలవలో ఇంకాస్త పైకి ఎక్కుతోంది. ముందు పసుపు ఆకు మాడింది. తరవాత అరటి అంచులు కాలినట్టయ్యాయి. కంద తవ్వితే చేతిలో పేస్టులా జారింది. బోరు నీళ్ళు నోట పెడితే ఉప్పు. పేటవాళ్ళు పంచాయతీ కుళాయి నుంచి బిందెలతో మోసి అరటి మొదళ్ళలో పోశారు. వాన నీరు నిలిచి ఉప్పు కడుగుతుందని గట్లు వేశారు. ఆ ఏడు వాన ఆలస్యంగా, ఒక్కసారిగా, సముద్రపు పోటుతోపాటు వచ్చింది. గట్ల మధ్య నిలిచింది ఉప్పునీరు. నీరు తీశాక నేల మీద తెల్లటి పొర కట్టింది. మునగ ఆకు రాల్చేసింది. కొబ్బరి మొవ్వులు వాలిపోయాయి.

చెరువులవాళ్ళు బేరానికి వచ్చిన సంగతి తెలిసి ఆమె వచ్చింది. అరుగు మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"అమ్మకండమ్మగారూ. ఇంకో వానాకాలం చూద్దారి. నేల కడుక్కుంటాది."

"ఈలోగా పిల్లలకేం పెడతావు?"

ఆ వారంలోనే ఆమె, తెల్లవారకుండా వచ్చే కంపెనీ వ్యానులో రొయ్యలు ఒలిచే పనికి ఎక్కింది. నెల తిరక్కుండా పేటలో ఆడవాళ్ళందరూ ఎక్కారు. దిబ్బలోకి బుట్ట పట్టుకుని ఎవరూ రావడం లేదు. నేను మాత్రం ఇంకో వానాకాలం ఆగాను. ఆమె అడిగింది కనక ఆగాను. పచ్చగా ఒక్క మొలకా రాలేదు.

చచ్చిన నేలను చెరువులవాళ్ళు తప్ప ఎవరూ అడగలేదు. నరసాపురం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టి దిబ్బ వాళ్ళకు అమ్మాను. కొబ్బరి మొద్దులు విడిగా ఇటుకబట్టీకి అమ్మాను.