తాత తీసిన శల్యం

నా చిన్నప్పుడు, మా వాళ్లు మగ్గాల పనికి వలసపోయిన లింబాయత్‌లో మాది ఒకటే గది. అందులో సగం మగ్గం సామానే. నాన్న కార్ఖానాకు పోతే, మగ్గాలకుండే దువ్వెనల్లాంటి అచ్చుల్లో పోగులు ఎక్కించే పని మా తాత ఇంట్లో చేసేవాడు. ఆ పనికి ఇద్దరు కావాలి. అచ్చుకు అటు పక్క కూర్చుని ఒకరు ఒక్కో పోగు అందిస్తుంటే, ఇటు పక్క నుంచి ఇంకొకరు సన్నని కొక్కెంతో లాగుతారు. ముందు అమ్మ అందించేది. అమ్మ జ్వరంతో పోయాక ఆ పీట నాకొచ్చింది. అప్పటికి నాకు తొమ్మిదేళ్లు. అన్ని పోగుల వెనక ముఖం దాచుకోవచ్చు కదా, నాకా చోటు నచ్చింది.

ఒకరోజు మగ్గంలో నూలును అటూ ఇటూ మోసే నాడె ఒకటి విరిగి పడుంటే, దాంతో ఆడుతుండగా దాని చెక్క పేడు బొటనవేలిలో దిగింది. ముట్టుకోవద్దన్న వస్తువాయె! దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. మూడోనాటికి వేలు బూరెలా ఉబ్బింది. తాతకు నా ముఖం కనపడదు గానీ పోగు కనపడుతుంది. అది ఆలస్యంగా, వణుకుతూ రావడం చూసి కొక్కెం కింద పెట్టాడు.

"ఏమైంది బిడ్డా? ఏది, చెయ్యి చూపియ్యి."

తిట్టలేదు. వేడినీళ్లలో వేలు నానబెట్టి, సూది కాల్చి, పేడు పైకి తీశాడు. చూస్తే బియ్యపు నూకంత కూడా లేదు. దాన్ని నా అరచేతిలో పెట్టి, "గిది శల్యం" అన్నాడు. శల్యమంటే ఎముక అనుకునేదాన్ని. బక్కచిక్కిన వాళ్లను శల్యమైపోయారనడమే విన్నాను మరి. తాత చిన్నతనంలో ఊళ్లో కోత వైద్యం చేసే ఒక పెద్దాయన దగ్గర కొన్నాళ్లు ఉన్నాడు. పూర్వం యుద్ధంలో ఒంట్లో దిగబడిన బాణపు ములికిని అలా అనేవారట. తర్వాత ముల్లయినా, గాజుపెంకయినా, లోపల దిగి బాధపెట్టేదల్లా శల్యమే అయింది. దాన్ని తీసే విద్య గనుక కోత వైద్యానికే శల్యతంత్రమని పేరు పడిందట.

"మనసుల దిగిన దుఃఖం గూడ శల్యమేనని మా పెద్దాయన అనేటోడు," అన్నాడు తాత. "యాడున్నదో నువ్వు చూపియ్యకుంటే, తీసేటోడు ఏం జేస్తడు బిడ్డా?"

అప్పుడు ఏడ్చాను. అమ్మ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు. జ్వరంలో అమ్మ దాహమంటే విననట్టు ఆటకు పోయానని చెప్పేశాను. తాత నన్ను సమర్థించనూ లేదు, తప్పు పట్టనూ లేదు. వేలికి పాత చీర పీలిక కట్టి, ఆ పూట పని మానేసి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. మర్నాడు మళ్లీ పోగులు అందించాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఆ పక్కనే డిండోలిలో ఒక్కదాన్నే ఉంటున్నాను. కరోనా వచ్చిన ఏడాది మగ్గాలన్నీ ఆగిపోయాయి. పుట్టి బుద్ధెరిగాక అంత నిశ్శబ్దం నేను వినలేదు, భయమేసింది. మా ఆయనను ఆసుపత్రికి తీసుకుపోయిన బండి మళ్లీ ఆయనను తేలేదు. చుట్టాలందరూ ఫోన్లోనే పలకరించారు. "నేను మంచిగనే ఉన్న" అని అందరికీ చెప్పాను, అందరూ నమ్మారు. ఫోన్లో పోగు కనపడదు కదా.

బండి ఎక్కేముందు ఆయన వెనక్కి తిరిగి చూశారు. జబ్బు నాకూ అంటుకుంటుందన్న భయంతో నేను తలుపు వేసేశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

ఇదిగో, ఇక్కడుంది. చూపించాను తాతా.