హుయ్-హుయ్ గొంతు బొంగురుపోయిన చలికాలం

మా రేవు పట్టణం కీలుంగ్‌లో చలికాలమంతా వానే. గోడలకు చెమ్మ, చెప్పులకు బూజు, ఉతికిన బట్ట ఆరదు. అందుకే రేవు వెనక మా వీధిలో బి-యున్ అక్క లాండ్రీకి గిరాకీ ఎప్పుడూ ఉండేది. పక్కనే నా సోయాపాల కొట్టు. రెంటికీ మధ్య చెక్క గోడే కాబట్టి అటు మాట ఇటు వినపడేది. ఆ మాటల్లో సగం అక్కవి, సగం హుయ్-హుయ్‌వి.

హుయ్-హుయ్ ఆమె పెంచుకున్న చిలుక. ఒళ్లంతా బూడిద రంగు, తోక ఒక్కటే ఎరుపు. ఈకలైనా మొలవని పిల్లను తెచ్చి, జావ చెంచాతో నోట్లో పోసి పెంచింది. అప్పట్లో ఆమె భర్త వెన్-ఛాంగ్ దూరసముద్రాల్లో చేపలు పట్టే ఓడ మీద ఉండేవాడు. వెళ్లాడంటే ఏడాది దాటాకే మళ్లీ ఇల్లు చూసేది. పిల్లలు లేరు. పొద్దస్తమానం ఆవిరి ఇస్త్రీపెట్టె ముందు నిలబడే మనిషికి పలకరించే నోరు అదొక్కటే.

దానికి ఇస్త్రీపెట్టె బుసకొట్టడం వచ్చు, ఇనుప షట్టరు చప్పుడు వచ్చు. "ఇంకా అవలేదు, రేపు రండి!" అని అచ్చం అక్క గొంతుతో కేకేసేది. ఒకసారి పోస్టుమాన్‌ను కూడా అలాగే తిప్పి పంపేసింది. అక్క చెప్పులైనా లేకుండా వానలో అతని వెనక పరిగెత్తింది.

మోకాళ్లు అరిగిపోయి వెన్-ఛాంగ్ బావ సముద్రం మానేసి వచ్చేసరికి హుయ్-హుయ్ ఆ ఇంటికి పెద్ద అయి కూర్చుంది. దగ్గరికి వెళ్తే చెవి కొరికేది.

"నా ఇంట్లో నేనే అద్దెకుంటున్నట్టుందే," అన్నాడు బావ చెవి పట్టుకుని.

"మరి అద్దె కట్టండి," అంది అక్క చొక్కా తిప్పి వేస్తూ.

"రేపు రండి!" అంది హుయ్-హుయ్.

బావ పట్టువదలని మనిషి. తెలిసినవాళ్ల పొలం నుంచి పచ్చి వేరుశనగకాయల బస్తా తెప్పించి మెట్ల కింద పెట్టుకున్నాడు. రోజూ పంజరం ముందు పీట వేసుకుని, ఒక్కో కాయ ఒలిచి పలుకు అందించేవాడు. మొదట దూరం నుంచి లాక్కునేది. తర్వాత వేళ్ల మీదికి ఎక్కింది. భుజం మీద కూర్చున్న రోజున నా కొట్టుకు తీసుకొచ్చి మరీ చూపించాడు. "చూశావా మరదలా, ఎంత పెద్ద చేపను పట్టినప్పుడూ ఇంత గర్వం కలగలేదు."

అలా రెండు మూడు చలికాలాలు గడిచాయి.

ఆ ఏడు కొత్త సంవత్సరపు పండగ ముందు మొదట హుయ్-హుయ్ గొంతు మారింది. "రేపు రండి" అన్న మాట చివర్లో గరగరమని తెగిపోయేది. అక్క ఇస్త్రీ ఆపేసి చూసింది.

"దీనికి జలుబు చేసిందేమో."

"వయసు మీద పడుతోంది. నీ గొంతు మాత్రం చిలకలా ఉందా ఏంటి?" అన్నాడు బావ.

ఆమె నవ్వింది కానీ చూపు మరల్చలేదు. ఇదివరకు ఒంటికాలి మీద కునుకు తీసే పక్షి పట్టపగలే రెండు కాళ్లూ ఆనించి, ఈకలు ఉబ్బించుకుని కళ్లు మూస్తోంది. ఎవరైనా తన వంక చూస్తే మాత్రం ఒళ్లు సర్దుకుని, గిన్నె దగ్గరికి వెళ్లి గింజలు కొరుకుతోంది. అక్క ఆ గిన్నెను నా బల్ల మీద బోర్లించింది.

"చూడవే. పైపొట్టు ఒలుస్తోంది, పప్పు వదిలేస్తోంది. తింటున్నట్టు నటిస్తోంది."

"పక్షికి నటన ఎందుకక్కా?"

"ఏమో. మా అమ్మ కూడా చివర్లో అలాగే చేసింది."

మేత అమ్మే అతన్ని అడిగితే ఈకలు రాలే కాలమన్నాడు. తైపేలో పక్షులకే ఒక డాక్టరమ్మ ఉందని ఎవరో చెప్పారు. వెళ్లడానికి అక్క తయారే. కానీ పండగ ముందు ఊరు ఊరంతా తెరలూ దుప్పట్లూ తెచ్చి పోసింది. మూటల మధ్య మనిషి కనపడేది కాదు. "ఈ పని ఒక్కటీ తెమిలితే పోతాను," అంది. పని తెమిలేసరికి పండగ వచ్చి ఆసుపత్రి మూసేశారు.

పండగంతా పంజరం పక్కన దీపం పెట్టి వెచ్చగా ఉంచింది. రొమ్ము మీద వేలు పెట్టి చూస్తే మధ్య ఎముక కత్తి అంచులా తగిలింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా తోక పైకీ కిందికీ ఊగుతోంది. అప్పటికి బావ కూడా హాస్యాలు మానేశాడు.

ఆసుపత్రి తలుపులు తీసిన రోజే ముగ్గురం రైలెక్కాం. పంజరం మీద అక్క తన ఉన్ని శాలువా కప్పింది. వయసులో చిన్నదైన ఆ డాక్టరమ్మ ముందు ముట్టుకోకుండా ఊపిరి తీరు చూసింది. తర్వాత తూచింది, ఎక్స్‌రే ఫోటోలు తీసింది.

"ఊపిరితిత్తుల్లో బూజు పట్టింది పిన్నీ. చాలాకాలంగా పెరుగుతోంది."

"నేను రోజూ చూస్తూనే ఉన్నానమ్మా. ఎలా తెలియలేదు?"

"దాచుకోవడం వీటి నైజం. నీరసం కనపడితే అడవిలో గద్ద తన్నుకుపోతుంది కదా. బయటపడిందంటే ఇక దాచే ఓపిక లేదన్నమాట." ఆమె కాగితం దగ్గరికి జరుపుకుంది. "ఇల్లు చెమ్మగా ఉంటుందా? మేత ఏం పెడుతున్నారు? పొట్టుతో ఉన్న పచ్చి వేరుశనగకాయలేమైనా ఉన్నాయా?"

అక్క పంజరం మీద శాలువా సర్దింది.

"ఉన్నాయి," అన్నాడు బావ. "నేనే పెట్టాను. నా చేత్తో."

"చాలామంది పెడతారు బాబాయ్. చెమ్మకు ఆ పొట్టులోనే బూజు చేరుతుంది. కారణం అదేనని రుజువు లేదు," అంది డాక్టరమ్మ మెల్లగా.

ఆయన టోపీ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. ఇంటికి రాగానే ఆ బస్తాను తడుస్తూ మోసుకెళ్లి చెత్తబండిలో పడేశాడు. అక్క ఆపలేదు. "నీ తప్పు కాదు" అని కూడా అనలేదు. అనాలనుకున్నానని తర్వాత నాతో చెప్పింది.

మందు పొద్దునా సాయంత్రం పట్టాలి. తువ్వాలు చుట్టి, తల కదలకుండా పట్టుకుని, సూదిలేని సిరంజితో నోట్లో పొయ్యాలి. ఆవిరిగా పీల్పించే మందు వేరే. పుట్టినప్పటినుంచీ అక్క చేతుల్లో నిద్రపోయిన పక్షి ఇప్పుడు తువ్వాలు కనపడితే చాలు, పంజరం మూలకు ఒదిగి వణికిపోయేది.

"హుయ్-హుయ్, నేనేరా. అమ్మనురా," అని అక్క బతిమాలడం గోడ ఇవతలకి వినపడేది. అవతల రెక్కల టపటప.

ఒకరోజు నా దగ్గరికి వచ్చి చేతులు చూపించింది. గాట్లన్నింటిలోంచీ రక్తం కారుతోంది.

"కరిచినందుకు కాదే. నన్ను చూస్తే దానికి గద్దను చూసినట్టుంది. మానేస్తే చస్తుంది, మానకపోతే నన్ను అసహ్యించుకుంటుంది. ఏం చెయ్యను?"

"కోలుకున్నాక మర్చిపోతుందక్కా," అన్నాను.

మధ్యలో ఒక రోజు హుయ్-హుయ్ బొప్పాయి ముక్క తింది. ఆ సంబరంలో బావ కొట్టు ముందు నిలబడి వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పాడు. మర్నాడు మళ్లీ పంజరం అడుగున కూర్చుంది.

ఆ వారం చివర్లో, పొద్దుటి మందు వేళ, అక్క ఎప్పటిలాగే తువ్వాలు చుట్టింది. అది పెనుగులాడలేదు. లొంగిందనుకుని మందు చుక్క నోటికి అందించబోయింది. దాని తల పక్కకు వాలిపోయింది. గోడ ఇవతల నుంచి నాకు వినపడింది ఒక్క మాటే: "ఏమండీ!"

నేను వెళ్లేసరికి ఇద్దరూ నేలమీద కూర్చుని ఉన్నారు. తువ్వాలు ఆమె ఒళ్లో ఉంది. బావ దాన్ని అందుకోవడానికి చెయ్యి చాపి, మధ్యలోనే వెనక్కి తీసుకున్నాడు.

డాక్టరమ్మకు ఫోన్ చేసింది నేనే. ఆ జబ్బులో అలా జరుగుతుందనీ, పిన్ని చేసిందంతా సరైనదేననీ చెప్పింది. ఆ మాట అక్కకు చేరవేశాను. "సరైనదే," అని నెమ్మదిగా తిరిగి అంది. "సరైనదే చేశాను. అది మాత్రం నా చేతుల నుంచి పారిపోవాలనుకుంటూ పోయింది."

కొండమీద బావ అన్నగారి తోటలో పాతిపెట్టి వచ్చారు. మట్టి నీళ్లలా జారుతుంటే బావ మోకాళ్ల నొప్పులతోనే చాలాసేపు తవ్వాడట. ఎండాకాలం రాకముందే ఆయన దూరాన సుఆవ్ రేవులో గిడ్డంగి కాపలా పనికి కుదురుకున్నాడు. ఆ మోకాళ్లతో అదేం పని అని వీధంతా అడిగింది. ఇంట్లో ఊరికే కూర్చోలేనన్నాడు. వెళ్లే రోజు అక్క అన్నం డబ్బా కట్టి ఇచ్చింది, బస్సు దాకా వెళ్లి వచ్చింది. వాళ్లు పోట్లాడుకోగా నేను ఒక్కసారీ వినలేదు.

ఇప్పటికీ అక్క పొద్దున్నే నా కొట్లో కూర్చుని సోయాపాలు తాగుతుంది. మొన్న ఉన్నట్టుండి అడిగింది: "పండగకు ముందే, ఆ దుప్పట్లన్నీ వదిలేసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఉంటే?"

నేను గిన్నె కడుగుతున్నాను. పాలు చల్లారిపోయాయి. ఆమె తాగకుండానే లేచి, షట్టరు ఎత్తడానికి వెళ్లిపోయింది.