పదిహేనో మనిషి

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకంలోని పనులన్నీ త్రైరాశికంలో ఒదిగిపోతాయని నాకు గట్టి నమ్మకం. ఆరుగురు పది రోజుల్లో చేసే పని నాలుగు రోజుల్లో కావాలంటే ఎంతమంది? ఆరు పదులు అరవై, నాలుగుతో భాగిస్తే పదిహేను. (బడిలో ఈ లెక్కలకు నాకెప్పుడూ పూర్తి మార్కులే. ఆ లెక్కల్లోని కూలీలకు దాహం వేయదు, నడుం నొప్పి రాదు.) అందుకే జిగణిలో స్టీలు నీళ్ల సీసాలు చేసే ఫ్యాక్టరీలో ప్లానింగ్ అసిస్టెంటుగా చేరిన రెండో నెలలో, ఒక బుధవారం పొద్దున మేనేజరు వచ్చి, "ఆరు వేల సీసాలు ప్యాకై శనివారం సాయంత్రం లారీ ఎక్కాలి. అవుతుందా?" అంటే, కాగితం కూడా తీయకుండా, "ఆరుగురున్నారు, ఇంకో తొమ్మిది మందినివ్వండి సార్, అయిపోతుంది," అనేశాను. "కాకపోతే నీ ప్రొబేషన్ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం," అని ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సీసాలు కడిగే విభాగం నుంచి తొమ్మిది మంది వచ్చారు. ఒక్కొక్కరు రోజుకు వంద అట్టపెట్టెలు మడిచి, సీసా పెట్టి, మూత వేస్తారు. పదిహేను మందికి పదిహేను వందలు. సాయంత్రం గర్వంగా లెక్కపెట్టబోతే సీలు పడినవి తొమ్మిది వందలే ఉన్నాయి! మిగతా ఆరు వందలు సీలింగ్ మిషను ముందు గుట్టగా పడి ఉన్నాయి. ప్యాకింగ్‌లో అందరికంటే సీనియరు, ఆనేకల్ వైపు నుంచి వచ్చే పెద్దక్క (అందరం అలాగే పిలిచేవాళ్లం) నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను చూసింది.

"మనుషుల్ని తెస్తివి, సరే పాపా. మిషనొకటే కదా ఉండాది? మేమెంత బిరబిరా కట్టినా అది దాని పాటికది పోతా ఉండాది. మధ్యాన్నం నుంచి సగం పెట్టెలు సుమ్నే అట్లే పడుండాయి, చూడలేదా?"

చూడలేదు. నేను కాగితమే చూశాను. ఇంటికెళ్లే బస్సులో ఏడుపొచ్చింది కానీ, హొసకోటె చేరేలోపు ఏడుపు పోయి మొండితనం వచ్చింది. మర్నాడు అందరికంటే ముందొచ్చి, గడియారం పట్టుకుని మిషను పక్కన నిలబడ్డాను. పెట్టెకు అర నిమిషం పడుతోంది. భోజనం, టీ పోను ఏడున్నర గంటలకు తొమ్మిది వందలు. పదిహేను మంది కాదు, వందమందిని తెచ్చినా అంతే.

"మిషను కాడుండే ఆయమ్మ ఒకతే పెట్టల్ల, ఒకతే తీయల్ల," అంది పెద్దక్క వెనకనుంచి. "తీసేదానికి ఇంకొకరుంటే రెండింతలు పోతాది. నువ్వు అడిగింటే నిన్నే చెప్పుంటాను."

అలాగే చేసి చూస్తే పావు నిమిషం! రోజుకు పద్ధెనిమిది వందలు. మాకు కావలసింది పదిహేడు వందలే. కానీ తీయడానికి ఒకరు వెళ్లడంతో ప్యాకింగ్‌లో పద్నాలుగు మందే మిగిలారు. ఇంకా కట్టాల్సినవి నాలుగు వేల ఐదు వందలు. పద్నాలుగు మంది మూడు రోజుల్లో కట్టేవి నాలుగు వేల రెండు వందలు. తగ్గేవి మూడు వందలు, రోజుకు వంద, అంటే సరిగ్గా ఒక మనిషి. ఇంకొకరిని పంపడం కుదరదని కడిగే విభాగంవాళ్లు తేల్చేశారు.

"నేను కూర్చుంటాను," అన్నాను.

హాలంతా నవ్వింది. నేను మాత్రం చున్నీ నడుముకు బిగించి, నేల మీద కూర్చున్నాను. మొదటి పెట్టె అడుగు ఊడి సీసా నా కాలి మీదే పడింది. గురువారం సాయంత్రానికి నా లెక్క ముప్పై ఎనిమిది. (త్రైరాశికంలో మనుషులందరూ సమానమే. నేను మాత్రం మనిషిలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ.) శుక్రవారం వేళ్లకు బట్ట చుట్టుకుని కూర్చుంటే అరవై రెండు. అంటే శనివారం నేనొక్కదాన్నే రెండు వందలు కట్టాలి. పొద్దున్నే పెద్దక్క దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"మాకు కండ్లు లేవా? నిన్ననే చూస్తిమి," అని ఆమె అందరివైపూ తిరిగింది. "ఏమప్పా, తలా ఎనిమిదో తొమ్మిదో ఎక్కువ కడితే పోతాదా ప్రాణం?"

ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ రోజు నేను తల ఎత్తకుండా ఎనభై నాలుగు కట్టాను. తగ్గిన నూట పదహారూ పద్నాలుగు మంది పంచుకున్నారు. ఐదున్నరకు ఆరు వేలూ లారీ ఎక్కాయి. మేనేజరు వచ్చి, "నీ లెక్క కరెక్టే, పదిహేను మందే పట్టారు," అన్నాడు. పెద్దక్క నా వైపు చూసి, నవ్వు కనపడకుండా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏసీ గదిలో కూర్చుని, ఎంతమందికి ఎన్ని రోజులో నేనే చెబుతుంటాను. అప్పటి నాలోని ఆ అమ్మాయి పొగరు తలచుకుంటే నవ్వొస్తుంది. కానీ తన లెక్క తప్పిందని తెలియగానే మారు మాట లేకుండా నేల మీద కూర్చుంది చూడండి, అది తలచుకుంటే మాత్రం కొంచెం అసూయగా ఉంటుంది. ఇప్పుడు నేను అలా కూర్చుంటే, లేవదీయడానికి ఇద్దరు కావాలి.